రెప్పపాటు నేరం
పెళ్లి ఫొటోలో మా అత్తయ్య కళ్లు నాలుగుసార్లూ మూసుకుపోతే అందరూ ఆవిడనే కసిరారు. తప్పు ఫ్లాష్‌దని అంటాను నేను. లెన్స్ గుండా వచ్చే వెలుతురును కొలిచే టీటీఎల్ పద్ధతిలో, ఆ కొలత కోసం ముందొక చిన్న మెరుపు వస్తుంది, ఆనక అసలుది. ఎడం సెకనులో పదో వంతున్నా చాలు, రెప్ప చురుగ్గా వాలేవాళ్లు దొరికిపోతారు. ఫొటోడయోడ్‌ను ఆసిలోస్కోప్‌కు తగిలించి ఫ్లాష్ కొట్టండి: తెర మీద పొట్టి గీత ఒకటి, కాస్త ఎడంగా పొడుగు గీత ఒకటి లేస్తాయి. ఆ రెంటి నడుమ దూరమే లెక్క. దాన్ని కంపెనీలు ప్రతి మాన్యువల్‌లోనూ అచ్చేయాలి. ఈలోగా ఫొటోగ్రాఫర్లు ఫ్లాష్ కొలతను ముందే ఖాయం చేసే ఎఫ్‌ఈ లాక్ నొక్కి తొలి మెరుపును ముందే కానిచ్చేసి, రెప్పలు విచ్చుకున్నాక అసలు ఫొటో తీయాలి. మోకాళ్ల నొప్పులతో నిలబడ్డ పెద్దావిడకు ఆ మాత్రం చేయొచ్చు.