కనిపించని కిరణాలకు కాటా

పిల్లలూ! మా అచ్చంపేట కల్లాల్లో మిరపకాయల బస్తాలు కాటా వేసేటప్పుడు ఒకరు బరువు చదివితే మరొకరు రాసుకుంటారు. రాసేవాడు గోడ అవతల కూర్చున్నాడనుకోండి. పొరపాటున రెండు 40 కిలోల బస్తాలు ఒకేసారి కాటా ఎక్కాయి. అతడేం రాస్తాడు? “80 కిలోల బస్తా, ఒకటి” అని! బరువూ తప్పే, లెక్కా తప్పే. శాస్త్రజ్ఞులకు కూడా ఈ చిక్కు వస్తుంది.

విరిగిన ఎముకను చూపించే ఎక్స్ కిరణాలను 1895లో రాంట్‌జెన్ కనుగొన్నాడు. వేగంగా పోయే ఎలక్ట్రాన్లు లోహాన్ని ఢీకొంటే అవి పుడతాయి. లేజరు కాంతితో కూడా వాటిని పుట్టించవచ్చు. సెకండులో పది లక్షల కోట్లవ వంతు సేపు మాత్రమే ఉండే మెరుపును రాగి మీద ఒక చుక్కంత చోట పడేలా చేస్తారు. అంత కొద్ది సేపట్లో కాంతి కూడా వెంట్రుక మందమైనా దాటలేదు! ఆ దెబ్బకు రాగి పరమాణువులు చెదిరి, ఎలక్ట్రాన్లు దూసుకుపోయి, ఎక్స్ కిరణాలు వెలువడతాయి.

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు 2003లో ఒక వింత ప్రకటించారు. అతి సూక్ష్మమైన రాగి రేణువుల పూత పూస్తే, నున్నని రాగి కంటే 13 రెట్లు ఎక్కువ ఎక్స్ కిరణాలు వచ్చాయి. ఆ సంస్థకు ఇప్పుడు హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. అక్కడా లేజరు ప్రయోగాలు జరుగుతున్నాయి.

కంటికి కనిపించని వాటిని ఎలా లెక్కపెడతారు? ఎక్స్ కిరణాలు ఫోటాన్లనే చిన్న చిన్న పొట్లాలుగా వస్తాయి. సోడియం అయొడైడు స్ఫటికంలో ఫోటాను పడితే చిన్న వెలుగు పుడుతుంది. ఫోటాను శక్తి ఎక్కువైతే వెలుగూ ఎక్కువే. అదే వారి కాటా! కాని రెండు ఫోటాన్లు కలిసి పడితే, రెట్టింపు శక్తి గల ఒక్క ఫోటానులా కనిపిస్తుంది. అందుకని స్ఫటికాన్ని దూరంగా జరుపుతారు. ముందు చిన్న రంధ్రమున్న సీసపు దిమ్మె పెడతారు. అప్పుడు చాలా మెరుపులకు ఒక్క ఫోటానైనా రాదు. వచ్చినప్పుడు మాత్రం ఒంటరిగా వస్తుంది. ఓపికగా వేల మెరుపులు లెక్కించాలి. ప్రయోగశాలలో మనుషుల రక్షణకు ఎంత మందపు అడ్డు కావాలో తేలేది కూడా ఇటువంటి కొలతలతోనే. కనుక తొందర పనికిరాదు.

మరి పుస్తకంలోని 80 కిలోల బస్తా నిజమైనదేనా, జంటా? గోడ అవతలి వాడికి తెలిసేదెలా? బస్తాలను ఇంకా నెమ్మదిగా పంపమనాలి. 80లు మాయమైతే అవి జంటలే!