తోకాడించే అతిథికీ చోటుంది... కానీ!

సెలవులకు ఊరెళ్దామనుకోగానే కుక్కను పెంచేవాళ్లకు మొదట వచ్చే సందేహం... దాన్నెవరు చూస్తారని! ఇంగ్లండులో చాలా కుటుంబాలకు ఆ బెంగ లేదు. దాన్నీ కారెక్కించేస్తారు. వాయవ్య ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ లాంటి చోట్ల పాతకాలపు రాతి ఇళ్లనూ, ఒకప్పటి పశువుల కొట్టాలనూ బాగుచేసి సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకిస్తుంటారు. ఈ కాటేజీల్లో చాలావాటికి కుక్కను తీసుకెళ్లొచ్చు. దానికి విడిగా కొంత రుసుము కడితే సరి. గుమ్మం దగ్గరే నీళ్ల గిన్నె, బురద కాళ్లు తుడవడానికి పాత తువ్వాలు, కొన్నిచోట్ల నాలుగు బిస్కెట్లు కూడా! అలాగని మహారాజభోగమేం కాదు. మేడమీది పడగ్గదుల్లోకి రాకూడదు, సోఫా ఎక్కకూడదు, ఒంటరిగా వదిలి వెళ్లకూడదు... అంటూ ఇంటివాళ్లు ముందే చెప్పేస్తారు. (సోఫా షరతు ఎన్ని కుక్కలకు అర్థమవుతుందన్నది వేరే సంగతి!)

అసలు పరీక్ష ఇంట్లో కాదు, పెరటి గేటు దాటాక. సున్నం, సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడలు, వాటి మధ్య నుంచి కాలిబాట, అటూ ఇటూ పచ్చిక. నగరంలో పార్కు తప్ప మరోటి ఎరగని కుక్కకు అది స్వర్గమే. కానీ ఆ స్వర్గం వేరేవాళ్లది... గొర్రెలది!

లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద తిరిగేవి హెర్డ్‌విక్ గొర్రెలు. పిల్లలు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ బూడిదరంగుకు మారతాయి. పైన కొండమీద వీటికి కంచె ఉండదు. తల్లి ఎక్కడ మేసిందో పిల్లా అక్కడే మేస్తుంది, దాని పిల్లకీ అదే నేర్పుతుంది. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందలకు మందలనే చంపాల్సి వచ్చినప్పుడు అక్కడి రైతులు బెంబేలెత్తింది అందుకే. కొత్త గొర్రెల్ని కొనొచ్చు, వాటికి ఆ కొండను ఎవరు చూపిస్తారు? పీటర్ రాబిట్ కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్‌కు సైతం ఈ గొర్రెలంటే ప్రాణం. 1943లో చనిపోతూ 4 వేల ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్టుకు రాసిచ్చారామె.

సూడి గొర్రెను కుక్క కరవనక్కర్లేదు, తరిమితే చాలు... ఆ బెదురుకే కడుపు పోవచ్చు. కుక్కకేమో అదంతా ఆట! 1953 నాటి చట్టం ప్రకారం పశువుల్ని కుక్క వేధిస్తే నేరం యజమానిది. గొర్రెలున్న పొలంలో గొలుసు లేకుండా, అదుపులో లేకుండా వదిలినా వేధించినట్లే లెక్క. ఆపడానికి వేరే దారి లేనప్పుడు రైతు కుక్కను కాల్చేసినా నష్టపరిహారం కట్టక్కర్లేదు, 48 గంటల్లోగా పోలీసులకు చెబితే చాలంటుంది 1971 చట్టం. కఠినంగానే అనిపిస్తుంది. కానీ ఏడాది కష్టం ఒక్క పూటలో పోగొట్టుకునే రైతువైపు నుంచీ చూడాలిగా!

అందుకే ప్రజలు స్వేచ్ఛగా తిరిగేందుకు వీలున్న కొండలూ బీళ్లలో మార్చి 1 నుంచి జులై 31 వరకూ కుక్కను 2 మీటర్లకు మించని తాడుతోనే నడిపించాలి. నేలమీద గూళ్లు పెట్టే పక్షులకు కూడా అది గుడ్లు పొదిగే కాలం. పశువులు దగ్గర్లో ఉంటే ఏడాదంతా అదే నియమం.

ఆవుల దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. దూడలున్న ఆవు కుక్కను చూస్తే మీదికొస్తుంది. అప్పుడు తాడు పట్టుకుని వేలాడితే మనిషికే ప్రమాదం. వదిలేయాలి. కుక్క పరిగెత్తి తప్పించుకోగలదు, మనిషి అంత వేగంగా ఉరకలేడు.

అలా వదిలిన కుక్క దారి తప్పితే? బహిరంగ ప్రదేశాల్లో మెడపట్టీమీద యజమాని పేరూ, చిరునామా ఉండాలన్నది అక్కడ 1992 నుంచీ ఉన్న నిబంధన. 2016 నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి. అయితే ఇంటి చిరునామా ఒక్కటే ఉంటే, దొరికినవాళ్లు వెళ్లి తట్టేది ఎక్కడో లండన్‌లో తాళం వేసిన తలుపునే. అందుకే వెంట ఉండే ఫోన్ నంబరు కూడా బిళ్లమీద రాయించి, బయల్దేరేముందే మెడపట్టీకి తగిలించాలి.