మీట నొక్కితే చాలునా?

పుస్తకం చదివి ఈత నేర్చుకున్నవారు లేరు. చేతిపనులన్నిటికీ ఇదే నియమం వర్తిస్తుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఈ విషయాన్ని గుర్తించింది. 6 నుండి 8 వరకు తరగతుల విద్యార్థులు 10 రోజులపాటు పుస్తకాల సంచి పక్కన పెట్టి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక నిపుణుల వద్ద పని నేర్చుకోవాలని సిఫారసు చేసింది. ఇటువంటి శిక్షణకు ఊరిలోని ఫోటో స్టూడియో కూడా తగిన చోటే. అయితే అక్కడ ఏమి నేర్చుకోవాలన్నదే ప్రశ్న.

“ఫోటో తీయడానికి శిక్షణ ఎందుకు? ఇంటింటా సెల్‌ఫోన్ ఉంది. మీట నొక్కితే బొమ్మ పడుతుంది” అని కొందరు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఫోన్‌లోని కెమెరా వెలుతురును తానే కొలుచుకుంటుంది, దూరాన్ని తానే సరిచూసుకుంటుంది. కాని తీసేవారి ఉద్దేశం దానికి తెలియదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న అవ్వను ఫోటో తీస్తే, తరచు కిటికీ వెలుగే బాగా పడి, అవ్వ ముఖం నల్లబడుతుంది. అప్పుడు కెమెరాను నిందించడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే. అవ్వను కొద్దిగా కిటికీ వైపు తిప్పి కూర్చోబెడితే, అదే వెలుతురు ఆమె ముఖంలోని ప్రతి ముడతనూ చక్కగా చూపుతుంది. ఈ మెలకువను పక్కన నిలబడి పని చూపించే గురువే చెప్పగలడు.

కెమెరాలో వెలుతురును అదుపు చేసేవి మూడు. మొదటిది అపర్చర్, అనగా లెన్సులోని రంధ్రం. దాని అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 5.6 నుండి 8కి మార్చితే లోపలికి వచ్చే వెలుతురు సగమవుతుంది. రెండవది షట్టర్. అది వెలుతురును ఎంతసేపు రానివ్వాలో నిర్ణయిస్తుంది. సెకనులో 30వ వంతు సేపు తెరిస్తే పరుగెత్తే పిల్లవాడు చెదిరిపోయి కనిపిస్తాడు. 500వ వంతు సేపు తెరిస్తే గాలిలో లేచిన కాలు కూడా స్పష్టంగా నిలిచిపోతుంది. మూడవది ఐ.ఎస్.ఓ. దీనిని పెంచితే మసక వెలుతురులో కూడా బొమ్మ పడుతుంది గాని, బొమ్మపై ఇసుక చల్లినట్లు గరుకుదనం వస్తుంది. ఈ మూడింటినీ బట్టీ పట్టి లాభం లేదు. ఒక్కొక్క అంకెనే మార్చుతూ, ఒకే వస్తువును పదిసార్లు తీసి పోల్చి చూస్తే తేడా దానంతటదే బోధపడుతుంది.

రీళ్ల కాలంలో ఒక రీలుకు సాధారణంగా 36 బొమ్మలు వచ్చేవి. ప్రతి బొమ్మకూ ఖర్చు ఉండేది కనుక, తీసే ముందు ఆలోచన తప్పేది కాదు. నేడు వందల బొమ్మలు ఉచితంగా తీయవచ్చు. అందుచేతనే శిక్షణలో ఉన్న విద్యార్థికి రోజుకు 36 బొమ్మలే అన్న కట్టడి విధించడం మంచిది. కొరత ఉన్నచోట చూపు పదునెక్కుతుంది.

పనిచేస్తూ ఈ విద్యను నేర్చినవారు చరిత్రలో ఉన్నారు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివారు. ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీని అభ్యసించారు. తరువాత సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా ‘రాజా’ బిరుదు పొందారు. భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయి వ్యారావాలా, తరువాత తన భర్త అయిన మాణెక్‌షా వద్ద కెమెరా పట్టడం నేర్చుకున్నారు. మొదట్లో ఆమె చిత్రాలు భర్త పేరుతోనే అచ్చయ్యాయి. 2011లో ఆమెను పద్మవిభూషణ్ వరించింది.

పది రోజులలో ఎవరూ ఫోటోగ్రాఫరు కాలేరన్నది నిజమే. స్టూడియో యజమానులు పిల్లలచేత టీ తెప్పించి, నేల ఊడిపించి, ఆ పది రోజులూ గడిపివేస్తే ఆ కాస్త ప్రయోజనం కూడా దక్కదు. లైటు స్టాండు మోయించినా, దానిని ఎక్కడ, ఎందుకు నిలపాలో చెప్పి మోయించాలి. విద్యార్థి కూడా అడగడానికి సిగ్గుపడరాదు.

మర్యాద కూడా ఈ విద్యలో భాగమే. ఎదుటివారి అనుమతి లేనిదే వారి బొమ్మ తీయరాదు. తీసిన బొమ్మకు పేరు, ఊరు, తేదీ రాసిపెట్టాలి. ఎన్నో ఇళ్లలో పాత ఫోటోలు ఉన్నాయి గాని, అందులోని ముత్తాత పేరు చెప్పగలవారు లేరు. సోలాపూరులో మగ్గం నేసే తెలుగు తాతను గాని, యానాంలో గౌతమీ తీరాన వల ఆరబెట్టే మత్స్యకారుని గాని ఫోటో తీసిన విద్యార్థి, దాని కింద తెలుగులో రెండు వాక్యాలు రాస్తే, ఆ బొమ్మ రేపటి తరానికి ఆధారమవుతుంది. రాయకపోతే అది పేరులేని ముఖంగా మిగిలిపోతుంది.

మీట నొక్కడం ఒక్క క్షణంలో వస్తుంది. వెలుతురును చూడడం, మనిషిని గౌరవించడం, చూసినదాన్ని గుర్తుగా నిలపడం మాత్రం నేర్చుకుంటేనే వస్తాయి. శిక్షణ ఉన్నది వీటి కొరకే.