వెదికితే దొరకవలసిన తెలుగు మాట

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009లో ఆరంభించిన 'ట్రోవ్'లో లక్షలాది పాత పత్రికా పుటలున్నాయి. రెండు మూడు మాటలిచ్చి అడిగితే కంప్యూటరు ఆ పుటలన్నిటినీ తిరగవేయదు. ఏ మాట ఎక్కడెక్కడ ఉన్నదో ముందే కూర్చుకొన్న పదసూచికను చూసి, ఆ మాటలన్నీ ఉమ్మడిగా గల వ్యాసాలను ఏరి చూపుతుంది.

ఆంగ్లానికి చక్కగా అమరిన ఈ పద్ధతి తెలుగుకు యథాతథంగా చాలదు. మన భాషలో విభక్తులు మాటను అంటుకొని ఉంటాయి. సంధి రెండు మాటలను ఒకటి చేస్తుంది. 'గోదావరి', 'వరద' అని అడిగినవారికి 'గోదావరికి వరదొచ్చింది' అన్న వాక్యం దొరకకపోవచ్చు. సూచికలో చేరినవి 'గోదావరికి', 'వరదొచ్చింది' అన్న రూపాలే కదా! కనుక ప్రత్యయాలను విడదీసి మూలరూపాలను కూడా సూచికకెక్కించాలి.

ఇక్కడి తెలుగు సంఘాలు తమ పాత సంచికలను బొమ్మలుగా భద్రపరచి తృప్తిపడరాదు. ట్రోవ్‌లో యంత్రం తప్పుగా చదివిన అక్షరాలను పాఠకులే స్వచ్ఛందంగా దిద్దుతున్నారు. అట్టి శ్రమదానం తెలుగు పుటలకూ కావాలి. ఈ గడ్డపై పుట్టిన బిడ్డ రేపు తాతగారి వ్యాసం కోసం వెదికితే, ఉన్నదానికి 'లేదు' అన్న జవాబు రాకూడదు. దాచినది దొరకనప్పుడు దాచి ప్రయోజనమేమి?