పెంపుడు జంతువుకు జబ్బు చేస్తే: ఏది ఆగుతుంది? ఏది ఆగదు?

ఇదివరకు మన ఇళ్ళలో కుక్క వాకిట్లో ఉండేది. మిగిలిన అన్నం తినేది. జబ్బు చేస్తే దాని కర్మకు దాన్ని వదిలేసేవారు. ఇప్పుడు అది వాకిలి దాటి లోపలికి వచ్చింది. పిల్లల మంచం పక్కనే పడుకుంటోంది. పిల్లి సంగతి సరేసరి, వంటింట్లోనే కాపురం! కాబట్టి వాటి జబ్బు ఇప్పుడు ఇంటి జబ్బే. అందుకే ఈ వారం మనుషుల రోగాలు కాస్త పక్కన పెట్టి, మూగజీవాల గురించి వచ్చిన మూడు ఉత్తరాలు చూద్దాం.

ఆ మూడూ జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల నుంచి వచ్చినవి. అడిగినవి వేరు వేరు విషయాలైనా అసలు ప్రశ్న ఒకటే: "డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకుపోవాలి?"

మేం చేసిన తప్పేమిటి?

జగిత్యాల నుంచి ఒక గృహిణి రాశారు: "పిల్లలు మారాం చేస్తే మూడు నెలల కుక్కపిల్లను తెచ్చాం. ఒక రాత్రి రెండుసార్లు కక్కుకుంది. తెల్లవారి ఏమీ తినలేదు. అజీర్తి అయి ఉంటుంది, పెరుగన్నం పెట్టండి అన్నారు ఇరుగుపొరుగు. మర్నాడు నీళ్ళ విరేచనాలు. మూడోనాడు రక్తం పడింది. ఆటోలో పశువుల దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మా చిన్నది ఇంకా ఏడుస్తూనే ఉంది. మేం చేసిన తప్పేమిటి? ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చా?"

అమ్మా, మీరు రాసిన లక్షణాలు పార్వో వ్యాధికి సరిపోతున్నాయి. ఇది 1978లో బయటపడి, ఒకటి రెండేళ్ళలోనే ప్రపంచమంతా పాకిన వైరస్ జబ్బు. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసున్న పిల్లలకు ఎక్కువగా వస్తుంది. వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు దీని గుర్తులు. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. ఒంట్లో నీరు ఇంకిపోకుండా సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఇతర క్రిములు దాడి చేయకుండా కాపాడితే చాలా పిల్లలు బతుకుతాయి. ఆ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

మీరు కావాలని చేసిన తప్పేమీ లేదు. "రేపు చూద్దాం" అన్నారు, అంతే. పెద్ద కుక్క ఒకసారి కక్కి, తోక ఊపుతూ తిరుగుతుంటే రేపటిదాకా చూడవచ్చు. ఆరు నెలలు నిండని పిల్ల రెండుసార్లు కక్కి, తిండి మానేస్తే పూట కూడా ఆగకూడదు. దాని ఒంట్లో ఉన్న నీరే కొంచెం. అది ఇంకిపోవడానికి ఒక్క రాత్రి చాలు.

ఇక కొత్త పిల్ల సంగతి. పార్వో క్రిమి నేలమీద నెలల తరబడి బతికి ఉంటుంది. సబ్బుకూ, ఫినాయిలుకూ లొంగదు. గచ్చు శుభ్రంగా కడిగి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోసి కాసేపు ఉంచి మళ్ళీ కడగండి. పాత గోనెపట్టా, గిన్నె పారేయండి. కొన్ని నెలలు ఆగి, టీకాలు పూర్తయిన పిల్లనే తెచ్చుకోండి. పార్వో టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. ఒక్క సూది వేయించి అయిపోయిందనుకోవద్దు. కుక్కల పార్వో మనుషులకు అంటదు కనుక పిల్లల గురించి భయపడకండి.

దారం లాగవచ్చా?

సిరిసిల్ల నుంచి వచ్చిన ఉత్తరం ఇది: "మా ఇంటి పక్కనే సాంచాలు నడుస్తాయి. మా పిల్లి పొద్దంతా అక్కడే దారం ఉండలతో ఆడుతుంది. రెండు రోజులుగా తినడం లేదు, కక్కుతోంది. దాని వెనక భాగంలో దారం కొస వేలాడుతోంది. లాగితే వస్తుందా? ఆముదం పట్టమని మా అత్తగారు అంటున్నారు."

లాగవద్దు. ఆముదం పట్టవద్దు. ఈ రోజే డాక్టరుకు చూపించండి.

ఎందుకో చెబుతాను. దారం మింగినప్పుడు ఒక కొస నాలుక కిందనో, కడుపులోనో చిక్కుకుంటుంది. మిగతాది పేగుల్లోకి జారుతుంది. నాడా బిగిస్తే లంగా ఎలా కుచ్చుకుపోతుందో, ఆ దారం మీద పేగు అలా కుచ్చుకుపోతుంది. మీరు బయటి కొస పట్టుకొని లాగితే దారం లోపల పేగును కోస్తుంది. ఆముదం పడితే పేగు ఇంకా గట్టిగా మెలిపడుతుంది. చాలాసార్లు ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది. పెద్దావిడ మంచికే చెప్పారు, కాని ఈ జబ్బుకు అది మందు కాదు. ఇకమీదట కండెలు, దారం ఉండలు పిల్లికి అందకుండా మూతపెట్టండి. కుట్టుమిషను ఉన్న ఇళ్ళకూ ఇదే హెచ్చరిక. సూదితో సహా మింగే పిల్లులున్నాయి.

ఆముదం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మగ పిల్లి పదే పదే కూర్చొని ముక్కుతూ, అరుస్తూ ఉంటే మలబద్ధకం అనుకొని చాలామంది ఆముదం పడతారు. నిజానికి దానికి మూత్రం బంద్ అయి ఉండవచ్చు. మూత్రనాళంలో సన్నని ఇసుకలాంటిది అడ్డుపడుతుంది. అది పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. చుక్క మూత్రం రాకుండా ముక్కే పిల్లిని అర్ధరాత్రి అయినా డాక్టరు దగ్గరికి చేర్చే మార్గం చూడండి.

ఎముక ఇరుక్కుందేమో!

మూడో ఉత్తరం కోరుట్ల నుంచి ఒక తండ్రి రాసింది: "మా కుక్క రెండు రోజులుగా నోరు మూయలేకపోతోంది. చొంగ కారుతోంది. గొంతు మారిపోయింది. మూల నక్కి కూర్చుంటోంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని మా అబ్బాయి నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు, ఏమీ దొరకలేదు. ఏ మందు వాడాలి?"

ఈ ఉత్తరానికి జవాబు పత్రిక అచ్చయ్యేదాకా ఆపలేదు. అందిన రోజే వారికి కబురు చేశాం. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పిచ్చికుక్క అంటే మీదపడి కరిచే కుక్క అనే మనకు తెలుసు. కాని రేబిస్ అన్నిసార్లూ అలా రాదు. ఒక రకం రేబిస్‌లో కుక్క మందకొడిగా పడి ఉంటుంది. దవడ కండరాలు చచ్చుపడి నోరు వేలాడుతుంది. మింగలేక చొంగ కారుస్తుంది. అరుపు బొంగురుపోతుంది. చూసేవాళ్ళకు ఎముక అడ్డుపడినట్టే ఉంటుంది. ప్రేమకొద్దీ నోట్లో చెయ్యి పెడతారు. ఆ లాలాజలంలోనే క్రిమి ఉంటుంది. చేతిమీద చిన్న గీత ఉంటే చాలు!

నిజంగా ఎముకే కావచ్చు. అయినా డాక్టరు చూసి చెప్పేదాకా అది రేబిస్ అనే అనుకోండి. కుక్కను ఒక గదిలో ఉంచి తలుపు వేయండి. పిల్లలను దూరంగా ఉంచండి. పశువైద్యుడికి ఫోన్ చేసి లక్షణాలు చెప్పి, ఆయన చెప్పినట్టు చేయండి. దాన్ని చంకనెత్తుకొని తిరగకండి. దాన్ని ముట్టుకున్నవాళ్ళు మాత్రం ఆ రోజే మనుషుల ఆసుపత్రికి వెళ్ళాలి.

కుక్క కరిచినా, గీరినా, గాయం మీద నాకినా మొదట చేయవలసింది సబ్బు పెట్టి, ధార కట్టే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దవద్దు. కట్టు బిగించవద్దు. తర్వాత వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు గాయం చుట్టూ వేసే మరో మందు కూడా ఉంది. "పది రోజులు కుక్కను చూద్దాం, చస్తే అప్పుడు సూది వేయించుకుందాం" అనుకోవడం ప్రాణాంతకం. సూది ముందు, కుక్కను గమనించడం తర్వాత. మన ఇంటి కుక్క కరిచినా ఇదే పద్ధతి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పాత టీకా మన దేశంలో 2005 తర్వాత లేదు. ఇప్పుడు సూది జబ్బకు వేస్తారు, అదీ నాలుగైదుసార్లే. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఈ జబ్బు టీకా వేశాడు. ఆ పిల్లవాడు బతికాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా జబ్బు లక్షణాలు బయటపడ్డ మనిషిని బతికించే నమ్మకమైన చికిత్స లేదు. సమయానికి వేసుకున్న టీకాయే దిక్కు.

ఇంట్లో ఏం చూడాలి?

ముక్కు ఎండిపోతే జ్వరమనీ, చెవులు వెచ్చగా ఉంటే జ్వరమనీ అనుకుంటారు. రెండూ సరికాదు. కుక్క ఒళ్ళు మామూలుగానే మన ఒంటికంటే వేడి: 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. దానికంటూ ఒక థర్మామీటరు పెట్టుకొని, కొసకు వాజిలిన్ రాసి, ఆసనంలో పెట్టి చూడాలి. 104 దాటితే డాక్టరుకు చూపించాలి.

పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు తెల్లగా, నీలంగా, పచ్చగా ఉంటే ఆగవద్దు.

ఒకరోజు ఆగి చూడదగినవి: పెద్ద కుక్క లేదా పిల్లి ఒకసారి కక్కి హుషారుగా ఉండటం. రక్తం లేని ఒకటి రెండు పల్చటి విరేచనాలు. ఒక పూట తిండి మానడం. కాస్త కుంటుతూనే కాలు మోపడం. చెవి గోక్కోవడం. ఇవి మర్నాటికి తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

గంట కూడా ఆగకూడనివి: ఊపిరి ఆడకపోవడం. ఆగకుండా వచ్చే మూర్ఛ. రక్తం కక్కడం. పెద్ద జాతి కుక్కకు పొట్ట డోలులా ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోవడం. మూత్రం బంద్ కావడం. పాము కాటు. విషం తినడం. ఈనే కుక్క అరగంట గట్టిగా నొప్పులు పడ్డా పిల్ల రాకపోవడం. వడదెబ్బ.

వడదెబ్బ గురించి ఒక మాట. మన జగిత్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడి తగ్గించుకుంటుంది. రేకుల షెడ్డులో, మూసిన కారులో కట్టేస్తే అది చాలదు. విపరీతంగా రొప్పుతూ, తూలుతూ ఉంటే నీడకు చేర్చి, మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాన్ పెట్టి, ఆసుపత్రికి తీసుకుపోండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి.

మందుల డబ్బా జోలికి పోకండి

జ్వరమని పిల్లికి పారాసెటమాల్ వేస్తారు. పిల్లి శరీరం ఆ మందును విరిచేసుకోలేదు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి దాన్ని చంపగలదు. కుక్కకు మన నొప్పుల బిళ్ళలు వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, చాక్లెట్, ఎండుద్రాక్ష పెట్టవద్దు.

పిడుదులు పట్టాయని కిరోసిన్, పత్తికి కొట్టే మందు పూసేవాళ్ళున్నారు. కుక్క ఒళ్ళు నాక్కొని ఆ విషం మింగుతుంది. పిడుదులకు వేరే మందులున్నాయి, బరువు చూసి డాక్టరు రాసిస్తారు. కుక్కల మందు పిల్లికి పూయకండి, కొన్ని పిల్లికి విషం. పిడుదులున్న కుక్కకు జ్వరం వచ్చి, చిగుళ్ళు తెల్లబడి, మూత్రం ముదురు రంగులో పోతుంటే రక్త పరీక్ష చేయించాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

మీ దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాల ఎక్కడుందో, ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో జబ్బు రాకముందే తెలుసుకోండి. కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల, దానికి అనుబంధంగా చికిత్సాలయం ఉన్నాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. తెలంగాణలో 2017లో మొదలైన ఆ ఏర్పాటు ముఖ్యంగా పాడి పశువుల కోసం, కాబట్టి కుక్కకు, పిల్లికి వస్తారో లేదో ముందే అడగండి. వెళ్ళేటప్పుడు టీకాల కార్డు తీసుకుపోండి. మూర్ఛ వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచితే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

చివరగా ఒక మనవి. చుండ్రు, చెవి దురద, ఏం తిండి పెట్టాలి, ఎప్పుడు స్నానం చేయించాలి వంటివి ఈ శీర్షికకు తప్పక రాయండి, జవాబిస్తాను. కాని పైన చెప్పిన గంట కూడా ఆగని జబ్బులకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి. మీ ఉత్తరం నాకు చేరేలోపు మీరు దవాఖానాకు చేరాలి. ఈ రోజే గోడమీది క్యాలెండరులో మీ కుక్కకు, పిల్లికి రేబిస్ టీకా తేదీ గుర్తు పెట్టండి. మూడు నెలలు నిండగానే మొదటిది, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి రెండోది, ఆపైన ఏటేటా. ఆ సూది ఒక్క కుక్కకే కాదు, దాని పక్కన పడుకునే మీ పిల్లలకూ రక్ష.