కిరాణా తరాజుకు ముహర్, పోలీసు స్పీడ్ గన్‌కు మాఫీ?

బొల్లారంలో ఏ కిరాణా దుకాణానికైనా వెళ్లండి. ఎలక్ట్రానిక్ కాంటా ఉంటే దాన్ని ఏటా తూనికలు కొలతల శాఖ వాళ్లు పరీక్షించి ముద్ర వేయాలి. పాతకాలపు తూకం రాళ్లయితే వెనకవైపు సీసం ముద్ద మీద ఆ ముహర్ కొట్టి ఉంటుంది. ముహర్ లేకపోతే దుకాణదారుకు జుర్మానా తప్పదు. అర కిలో కందిపప్పులో పది గ్రాముల ఫరక్ కూడా రాకూడదని హుకూమత్‌కు అంత ఫికర్. మంచిదే. నాప్‌తోల్‌లో బేఇమానీ ఎంత పెద్ద గునాహో మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. పాత ఇస్లామీ షహర్లలో బజారు తరాజులు తనిఖీ చేయడానికే ముహ్‌తసిబ్ అనే అఫ్సర్ ఉండేవాడు.

సరే, ఇప్పుడు ఆ దుకాణం నుంచి బయటికి వచ్చి బండి స్టార్ట్ చేయండి. రోడ్డు పక్కన చెట్టు నీడ చూసుకుని, స్టాండు మీద స్పీడ్ గన్ పెట్టుకుని ఒక పోలీసాయన కూర్చుని ఉంటాడు. ఆయన చేతిలో ఉన్నదీ తరాజే భాయ్. అది తూచేది మీ బండి రఫ్తార్. దాని తెర మీద కనిపించిన అంకెను బట్టి మీ జేబులోంచి వెయ్యి రూపాయల జుర్మానా, పైన 35 రూపాయల యూజర్ చార్జీ పోతాయి. కాంట్రాక్ట్ మజ్దూర్‌కు అది దాదాపు రెండు రోజుల కూలీ. కందిపప్పు తరాజుకు ముహర్ అడిగే కానూన్ ఈ తరాజు దగ్గర ఎందుకు నోరు విప్పదు?

ముందే ఒక మాట. మా బొల్లారం అంటే రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొలారం కాదు. అక్కడి రోడ్లు వేరు, నసీబ్ వేరు. మాది సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు వైపు, ఫ్యాక్టరీల బొల్లారం. షిఫ్ట్ సైరన్‌తో నిద్ర లేచే బస్తీ. పక్కనే ఓఆర్ఆర్ ఉంది కానీ దాని మీదికి బైకులకు ఇజాజత్ లేదు. కార్లకు అక్కడ 2023 నుంచి 120 దాకా రఫ్తార్ మంజూరు. వేగం ఎంతో చెప్పే బోర్డులూ ఉంటాయి. మన పిల్లలు వెళ్లేది కింద సర్వీస్ రోడ్డు మీద, కెమికల్ ట్యాంకర్ల మధ్య, కంపెనీ బస్సుల వెనక. అక్కడ నలభయ్యో, యాభయ్యో, అరవయ్యో తెలియాలంటే బోర్డు కోసం వెతుక్కోవాలి.

కానూన్ నోరు విప్పలేదని అన్నాను కదా. నిజానికి విప్పింది, మనకే ఎవరూ వినిపించలేదు. 2025లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ లీగల్ మెట్రాలజీ నియమాల్లో ఒక కొత్త భాగం చేర్చింది. వాహనాల వేగం కొలిచే రాడార్ యంత్రాలను పరీక్షించి, ముద్ర వేయించాకే వాడాలి అన్నది దాని సారాంశం. అమల్లోకి వచ్చింది 2025 జూలై 1న. అంటే కిరాణా కొట్టుకూ పోలీసు రాడార్‌కూ ఒకే ఖాయిదా.

కానీ ఒక పేచీ ఉంది. ఆ నియమం పేరులోనే మైక్రోవేవ్ డాప్లర్ రాడార్ అని ఉంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి లేజర్ గన్‌లు. రాడార్ రేడియో తరంగాన్ని విసురుతుంది, బండికి తగిలి వెనక్కి వచ్చిన తరంగంలో మార్పును బట్టి వేగం లెక్కకడుతుంది. లేజర్ వెలుతురు చినుకులను వరసగా కొట్టి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయంతో దూరాన్ని, ఆ దూరం ఎంత త్వరగా మారుతోందో చూసి వేగాన్ని చెబుతుంది. యంత్రం వేరు కాబట్టి ముహర్ అక్కర్లేదని రేపు ఏ అఫ్సరైనా అంటే ఏమనాలి? కిలో రాయికి ముహర్ కావాలి, లీటరు డబ్బాకు అక్కర్లేదు అన్నట్టే కదా!

అలా తప్పించుకునే దారిని మూసే ఖాయిదా కూడా ఉంది. అది ఇంకా పాతది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ చేర్చారు. అందులో స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, బాడీ కెమెరా అన్నీ వస్తాయి. రాడారా లేజరా అన్న తేడా లేదు. యంత్రం సరిగ్గా పనిచేస్తోందని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని ఏటా రెన్యూ చేయించాలి. యంత్రాలు పెట్టాల్సింది జాతీయ, రాష్ట్ర రహదారుల మీద ప్రమాదాలు, రద్దీ ఎక్కువగా ఉన్న చోట్ల, పెద్ద నగరాల ముఖ్యమైన కూడళ్లలో. ఇక్కడ యంత్రంతో నిఘా ఉందని ముందుగానే కనిపించేలా బోర్డు పెట్టాలి. నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. చలాన్‌తో పాటు నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపించే ఫోటో, యంత్రం చెప్పిన కొలత, తేదీ, సమయం, జగా, ఏ సెక్షన్ కింద ఇల్జామ్ వేశారో, ఎలక్ట్రానిక్ సబూత్‌కు సాక్ష్య చట్టం అడిగే ధ్రువపత్రం ఉండాలి. అప్పట్లో అది పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి ప్రకారం. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది కాబట్టి ఇప్పుడు సెక్షన్ 63.

ఇక్కడ ఆగి, మీ ఫోన్‌లో పాత చలాన్ ఒకటి తెరవండి. ఫోటో ఉంటుంది. అంకె ఉంటుంది. ధ్రువపత్రం ఉందా? యంత్రాన్ని ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో ఎక్కడైనా రాసి ఉందా? నేను ఇంటికి వచ్చిన వాళ్లందరి ఫోన్లూ అడిగి మరీ చూస్తున్నాను. నాకైతే ఇంకా కనిపించలేదు. మీకు కనిపిస్తే పంపండి, ఖుషీగా వేస్తాను.

“రఫ్తార్ తగ్గించి వెళ్తే ఈ బహస్ అంతా ఎందుకు?” అంటారు కొందరు బుజుర్గ్‌లు. ఆ మాటను నేను హల్కాగా తీసుకోను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. తెలంగాణలో ఏటా ఏడు వేల పైచిలుకు జనాజాలు, పాడెలు లేస్తున్నాయి. రంజాన్ రాత్రుళ్లు తరావీహ్ అయ్యాక సైలెన్సర్ పీకేసి రేసులు పెట్టే మన కుర్రాళ్లను, నంబర్ ప్లేటు వంచి “పోలీసోడికి దొరకను” అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టే వాళ్లను, చూసి కూడా నవ్వి ఊరుకునే వాలిదైన్‌ను నేను ఒక్క లఫ్జ్‌తో కూడా సమర్థించను. వేగానికి జుర్మానా ఉండాల్సిందే. నా లడాయి జుర్మానాతో కాదు, సబూత్ చూపించని జుర్మానాతో.

ఎందుకంటే ఈ కేసులో యంత్రమే అసలు గవాహ్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 ఏమంటుందంటే, “ఆ బండి చాలా స్పీడుగా వెళ్లిందని నాకు అనిపించింది” అని ఒక్క సాక్షి చెబితే సజా వేయకూడదు. ఆ అంచనా ఏదైనా యంత్రంతో తీసినదై ఉండాలి. చట్టం పోలీసు కంటి మీద ఎత్‌బార్ పెట్టకుండా యంత్రం మీద పెట్టింది. మరి గవాహ్‌ను జిరహ్ చేయకుండా ఏ అదాలత్ ఒప్పుకుంటుంది?

యంత్రం తప్పు చెప్పదనుకునే వాళ్లకు అమెరికాలోని మయామి ముకద్దమా చెప్పాలి. 1979లో అక్కడ పోలీసు రాడార్‌ను ఒక టీవీ రిపోర్టర్ పరీక్షించి చూపిస్తే, నిలబడి ఉన్న పామ్ చెట్టు గంటకు 86 మైళ్ల వేగంతో పోతోందని చెప్పింది. ఒక ఇల్లు 28 మైళ్లతో పరిగెడుతోందంది! ఆ రాడార్ సబూత్‌ను నమ్మడానికి జడ్జి ఒప్పుకోలేదు. అప్పటి యంత్రాలకూ ఇప్పటి వాటికీ జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉంది, నిజమే. డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి రాడార్‌ను సరిచూసి రాసిపెట్టుకోవడం అక్కడ రివాజ్. యంత్రం మంచిదే కావచ్చు, అయినా రోజూ ఇమ్తెహాన్ పెడతారు.

లేజర్‌కూ తన హద్దులు ఉన్నాయి. దాని కిరణం మూడు వందల మీటర్ల దూరంలో దాదాపు గజం వెడల్పు అవుతుంది. పక్కకు జరిగి, వాలుగా కొలిస్తే అసలు వేగం కన్నా తక్కువే చూపిస్తుంది. ఆ గల్తీ మనకే ఫాయిదా, అది కూడా చెప్పాలి కదా. కానీ చెయ్యి కదిలి కిరణం బండి పొడవునా జారితే లేని వేగం కలిసే అవకాశం ఉంది. ఇక ట్యాంకర్‌ను దాటుతున్న బైకు, దాని వెనకే ఇంకో బైకు, షిఫ్ట్ వదిలిన టైమ్. కిరణం ఎవరికి తగిలింది, ఫోటోలో ఎవరు పడ్డారు? యంత్రాన్ని పరీక్షించి, పట్టుకున్న మనిషికి ట్రైనింగ్ ఇచ్చి ఉంటేనే ఈ సవాల్‌కు జవాబ్ దొరుకుతుంది.

గల్ఫ్‌లో అన్నదమ్ములు ఉన్న ఇళ్లకు ఇదంతా కొత్త కాదు. సౌదీలో 2010లో సాహెర్ కెమెరాలు వచ్చినప్పుడు రియాద్ నుంచి ఫోన్ చేసిన ప్రతి భాయ్ దాని మీదే షికాయత్. అబుధాబీలో 2018 ఆగస్టులో 20 కిలోమీటర్ల రియాయత్ తీసేసినప్పుడు బోర్డు మీద ఉన్న అంకే ఆఖరి అంకె అని అందరికీ ముందే తెలిసింది. అక్కడ జుర్మానా మన కన్నా చాలా భారీ. కానీ హద్దు ఎక్కడో దాచిపెట్టలేదు.

మన దగ్గర ఏం దాచారో చెప్పనా? డిస్కౌంట్ సేల్ దాచలేదు. 2022 మార్చిలో బైకులు, ఆటోల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం మాఫీ. 2023 డిసెంబర్ 26 నుంచి 80 శాతం. వెయ్యి రూపాయల జుర్మానా రెండు వందలకు! వెంటనే నిజాయితీగా కట్టిన వాడు బేవకూఫ్, రెండేళ్లు తిరిగిన వాడు హోషియార్. ప్రాణాలు తీసే జుర్మ్ అయితే దాని మీద రంజాన్ బజార్ బట్టల లాగా తగ్గింపు ఏమిటి? సజా కాకపోతే, వసూలే అసలు మక్సద్ అయితే, సాఫ్‌గా టోల్ గేటు పెట్టుకోండి జనాబ్. రెండు పేర్లు ఒకే రసీదు మీద కుదరవు.

ఇంకో సంగతి అమ్మీలు, అక్కలు కూడా గుర్తుపెట్టుకోవాలి. చలాన్ అంటే ఫైసలా కాదు. కట్టడం అంటే జుర్మ్ ఒప్పుకుని రాజీ పడటం. ఒప్పుకోకుండా మేజిస్ట్రేట్ ముందు ఎదుర్కొనే హక్ మీకు ఉంది. కానీ వెయ్యి రూపాయల కోసం రెండు దిహాడీలు పోగొట్టుకుని సంగారెడ్డి కోర్టుకు ఏ మజ్దూర్ వెళ్తాడు? ఆ లెక్క వసూలు చేసే వాళ్లకు బాగా తెలుసు.

అందుకే కోర్టు కన్నా ముందు కాగితం. సమాచార హక్కు అర్జీకి జిల్లా కార్యాలయంలో ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు జత చేస్తే అదీ లేదు. 30 రోజుల్లో జవాబ్ ఇవ్వాలి. అడగాల్సినవి ఇవి: మన వైపు వాడే ప్రతి స్పీడ్ గన్ నంబర్, 167ఏ కింద దాని సర్టిఫికెట్ నకలు, ఆ ఏడాది రెన్యూవల్ తేదీ. రాడార్ అయితే తూనికల శాఖ ముహర్ ఉందా? హెచ్చరిక బోర్డులు ఎక్కడెక్కడ పెట్టారు? గన్ పెట్టే జగాను ప్రమాదాల రికార్డు చూసి ఎంచుకున్నారా, లేక వాలు దగ్గర బండి తనంతట తనే పరిగెత్తుతుందని ఎంచుకున్నారా? 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష కాబట్టి తెలుగు రాయడం కష్టమైన బుజుర్గ్‌లు ఉర్దూలోనే రాయొచ్చు.

నా అర్జీ తెలుగులో రాశాను. ఈ సోమవారం పంపుతున్నాను. జవాబ్ వస్తే పూర్తిగా ఇక్కడే పెడతాను. 30 రోజులు దాటినా రాకపోతే, మొదటి అప్పీల్ కాగితం పెడతాను.