డ్రోన్ చౌక.. నిర్ణయం మాత్రం ఖరీదు! కొత్త యుద్ధాల్లో నేతల ముందున్న అసలు పరీక్ష ఇదే

2025 మే 8 రాత్రి. లేహ్ నుంచి గుజరాత్‌లోని సర్ క్రీక్ వరకు 36 చోట్ల పాకిస్తాన్ డ్రోన్లు భారత గగనతలంలోకి చొరబడే ప్రయత్నం చేశాయి. వాటి సంఖ్య 300 నుంచి 400 వరకు ఉంటుందని మర్నాడు భారత సైన్యం ప్రకటించింది. మన గగనతల రక్షణ వ్యవస్థ ఎక్కడెక్కడ ఎలా పనిచేస్తోందో పసిగట్టడమే వాటి పని అని కూడా చెప్పింది. చాలా వాటిని మన బలగాలు కూల్చేశాయి.

అణ్వస్త్రాలున్న రెండు దేశాలు ఈ స్థాయిలో డ్రోన్లతో తలపడటం అదే మొదటిసారి. అయితే ఎన్ని వచ్చాయి, ఎన్ని కూలాయి అన్న లెక్క దగ్గరే మనం ఆగిపోతే అసలు విషయం మిస్సయినట్టే. ఎందుకంటే డ్రోన్ మార్చేసింది ఒక్క ఆయుధాన్నే కాదు. యుద్ధం మొదలుపెట్టాలా, ఎంతవరకు వెళ్లాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చే నేతల లెక్కల్నే మార్చేసింది.

పైలట్ లేకపోతే ఏం మారుతుంది?

ఒక్కసారి 2019 ఫిబ్రవరికి వెళ్దాం. బాలాకోట్ దాడి తర్వాత జరిగిన గగనతల పోరులో మన మిగ్-21 కూలింది. పైలట్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌కు చిక్కారు. ఆ క్షణం నుంచి దేశమంతా ఒకటే టెన్షన్. రెండు రాజధానుల్లో ప్రతి నిర్ణయం ఆ ఒక్క మనిషి చుట్టూనే తిరిగింది. మార్చి 1న ఆయన్ను పాకిస్తాన్ విడుదల చేసింది. ఉద్రిక్తత చల్లారింది.

ఇప్పుడు 2025 చూడండి. సరిహద్దు దాటింది పైలట్ లేని యంత్రాలు. కూలితే శకలాలు మిగులుతాయి తప్ప బందీ ఉండడు. టీవీలో కనిపించే కుటుంబం ఉండదు. కాబట్టి పంపేవాడికి భయం తక్కువ. రాజకీయంగా రిస్క్ కూడా తక్కువ.

కానీ ఇందులో రెండో వైపు కూడా ఉంది. పైలట్‌ను విడుదల చేసి పరిస్థితిని చల్లార్చే అవకాశం కూడా డ్రోన్‌తో పోతుంది. అంటే తలుపు తెరవడం తేలికైంది, మూయడం మాత్రం తేలిక కాలేదు. మే 10 తెల్లవారేసరికి వ్యవహారం డ్రోన్ల దగ్గర ఆగలేదు. నూర్ ఖాన్ సహా పాక్ వైమానిక స్థావరాలపై భారత్ దాడుల వరకు వెళ్లింది. అదే రోజు మధ్యాహ్నం రెండు దేశాల డీజీఎంఓలు ఫోన్‌లో మాట్లాడుకున్నాక, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలన్న అవగాహన కుదిరింది.

డ్రోన్ యుద్ధంలో మనుషులకు ఏమీ కాదనుకోవడం కూడా భ్రమే. పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక ఇంటిపై డ్రోన్ పడి ఒకే కుటుంబంలో ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒక మహిళ తర్వాత ప్రాణాలు కోల్పోయారు. పంపినవాడి వైపు మనిషి ఉండడు, నిజమే. కానీ కింద ఉన్నది మనుషులే.

‘ఇది యుద్ధం కాదు’ అన్న వాదన ఎక్కడ పుట్టింది?

ఈ మలుపు నిన్న మొన్న వచ్చింది కాదు. 2011లో లిబియాలో గడాఫీ సేనలపై నాటో దాడులు సాగుతున్నప్పుడు అమెరికా కూడా డ్రోన్లు వాడింది. అమెరికాలో 1973 నాటి ఒక చట్టం ఉంది. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు సైన్యాన్ని పోరులోకి దింపితే 60 రోజుల్లో అనుమతి తెచ్చుకోవాలి, లేదంటే ఆపడం మొదలుపెట్టాలి. గడువు దాటింది. మరి ఒబామా ప్రభుత్వం ఏం చెప్పింది? మా పాత్ర పరిమితం, నేల మీద మా సైనికులు లేరు, వాళ్లపై ఎదురుకాల్పులు లేవు, కాబట్టి ఇది ఆ చట్టం చెప్పే పోరాటం కిందకే రాదు అని వాదించింది.

ఆ వాదన వెనుక ఉన్న లాజిక్ గమనించండి. మనవాళ్లు చనిపోయే ప్రమాదం లేకపోతే చట్టసభను అడగాల్సిన పని లేదన్నమాట! డ్రోన్ వచ్చాక ప్రజాస్వామ్యాలకు వచ్చిన అసలు చిక్కు ఇదే. సైనికుల శవపేటికలు ఇంటికి వస్తుంటే జనం ప్రశ్నిస్తారు. అవి రాకపోతే ప్రశ్న కూడా రాదు.

అలా ప్రశ్న రాని చోట పొరపాటు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ దాడిలో 10 మంది సామాన్యులు చనిపోయారు. వారిలో ఏడుగురు పిల్లలు. ఉగ్రవాదులను కొట్టామని మొదట సమర్థించుకున్న పెంటగాన్, సెప్టెంబర్ 17న అది ఘోరమైన తప్పిదమని ఒప్పుకుంది.

డ్రోన్లు వచ్చాయి.. దాడి అనాలా, వద్దా?

డ్రోన్ పంపడం ఒక నిర్ణయం. దాన్ని ఏమని పిలవాలో తేల్చడం ఇంకో నిర్ణయం. 2025 సెప్టెంబర్ 9 అర్ధరాత్రి నుంచి 10 తెల్లవారే దాకా పోలండ్ ఎదుర్కొన్నది సరిగ్గా ఇదే. రష్యా డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి వచ్చాయి. 19 చొరబాట్లు నమోదయ్యాయని ఆ దేశ ప్రధాని డొనాల్డ్ టస్క్ చెప్పారు. పోలండ్ ఎఫ్-16లు, నెదర్లాండ్స్ ఎఫ్-35లు పైకి లేచి కొన్నింటిని కూల్చాయి.

పోలండ్ నాటో సభ్య దేశం. ఒక సభ్యుడిపై దాడి జరిగితే అందరిపైనా జరిగినట్టేనని చెప్పేది నాటో ఒప్పందంలోని 5వ అధికరణ. పోలండ్ దాని జోలికి వెళ్లలేదు. సభ్య దేశాలతో సంప్రదింపులు కోరే 4వ అధికరణతో సరిపెట్టింది. పోలండ్‌ను లక్ష్యంగా చేసుకోలేదని రష్యా అంది. పొరపాటున జరిగి ఉండొచ్చని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అన్నారు. కాదు, పొరపాటు కానే కాదని పోలండ్ నేతలు బదులిచ్చారు.

అవే 19 చొరబాట్లు పైలట్లున్న యుద్ధ విమానాలతో జరిగి ఉంటే? అప్పుడు పొరపాటు అన్న మాటకు చోటే ఉండేది కాదు. డ్రోన్‌తో వచ్చిన వెసులుబాటు ఇదే. కొట్టీ కొట్టనట్టు, వచ్చీ రానట్టు ఎదుటివాడి ఓపికను కొలవొచ్చు. గట్టిగా బదులిస్తే అతిగా స్పందించారంటారు. ఊరుకుంటే అలుసైపోతారు. ఈ రెండింటి మధ్య దారి చూపేది రాడార్ కాదు, రాజకీయ నాయకత్వమే.

చర్చలకు ఒక్క రోజు ముందు..

ఉక్రెయిన్ చేసిన ‘ఆపరేషన్ స్పైడర్‌వెబ్’ మరో పాఠం. 2025 జూన్ 1న ట్రక్కుల్లో రహస్యంగా రష్యా లోపలికి చేర్చిన 117 డ్రోన్లు వైమానిక స్థావరాలపై విరుచుకుపడ్డాయి. వాటిలో సైబీరియాలోని బెలాయా స్థావరం ఉక్రెయిన్ సరిహద్దుకు 4,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 41 విమానాలను కొట్టామని ఉక్రెయిన్ చెప్పుకుంది. అమెరికా అధికారుల అంచనా మాత్రం సుమారు 20 విమానాలకు దెబ్బ తగిలిందని, వాటిలో 10 వరకు పూర్తిగా ధ్వంసమయ్యాయని. దీనికి ఏడాదిన్నరకు పైగా ప్లాన్ చేశామని జెలెన్‌స్కీ వెల్లడించారు.

ఇక్కడ తేదీ చూడాలి. మర్నాడే ఇస్తాంబుల్‌లో రష్యా, ఉక్రెయిన్ ప్రతినిధుల చర్చలు. దెబ్బ తగిలాక కూడా రష్యా ఆ చర్చలకు వచ్చింది. ఖైదీల మార్పిడిపై అంగీకారం కుదిరింది, కాల్పుల విరమణ మాత్రం కుదరలేదు. అంటే వందో రెండొందలో చిన్న డ్రోన్లు యుద్ధరంగంలో సంచలనం సృష్టించగలవు. చర్చల బల్ల దగ్గర తల ఎత్తుకుని కూర్చోబెట్టగలవు. శాంతిని మాత్రం వాటంతట అవి తీసుకురాలేవు.

దూరం నుంచి కొట్టే శక్తి మిత్రులనూ ఇరకాటంలో పెడుతుంది. రష్యా ఆయిల్ రిఫైనరీలపై ఉక్రెయిన్ డ్రోన్లు పడుతుంటే, ప్రపంచ ఇంధన మార్కెట్‌పై ప్రభావం ఉంటుందని, సైనిక లక్ష్యాలపై దృష్టి పెట్టడం మేలని 2024 ఏప్రిల్‌లో నాటి అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ బహిరంగంగానే అన్నారు. ఆ ఏడాది భారత్ దిగుమతి చేసుకున్న ముడిచమురులో దాదాపు మూడో వంతు రష్యాదే. అక్కడ రిఫైనరీ మీద పడే డ్రోన్‌కూ, ఇక్కడి చమురు లెక్కలకూ లింకు ఉన్నట్టే.

వేల డాలర్ల డ్రోన్.. లక్షల డాలర్ల మిస్సైల్

ఇక డబ్బు లెక్క. ఇరాన్ డిజైన్ చేసిన షాహెద్ రకం డ్రోన్ ఖరీదు 20 వేల నుంచి 50 వేల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా. దాన్ని కూల్చడానికి ఒక్క పేట్రియట్ మిస్సైల్ వాడితే ఖర్చు దాదాపు 40 లక్షల డాలర్లు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే! ఇప్పుడు ఆ డ్రోన్లను రష్యా తన టాటర్‌స్తాన్‌లోని ఫ్యాక్టరీలోనే తయారు చేసుకుంటోంది. 2025 సెప్టెంబర్ 7న ఒక్క రాత్రిలో డ్రోన్లు, డమ్మీలు కలిపి 810 ప్రయోగించిందని ఉక్రెయిన్ వైమానిక దళం చెప్పింది. ఆ దాడిలో కీవ్‌లోని మంత్రివర్గ భవనానికి మంటలంటుకున్నాయి.

రక్షణ మిస్సైళ్లు లెక్కపెట్టి మరీ వాడాల్సి వచ్చినప్పుడు ఏది కాపాడాలి? పవర్ ప్లాంటా, ఆస్పత్రా, సైనిక స్థావరమా? ఇది ఇంజినీర్ తేల్చే ప్రశ్న కాదు. ప్రభుత్వం తేల్చాల్సిన, జనానికి జవాబు చెప్పాల్సిన ప్రశ్న. కాపు లేని చోట ఏం జరుగుతుందో ఖేర్సన్ చూపిస్తోంది. అక్కడ నది అవతలి నుంచి వచ్చే చిన్న డ్రోన్లు రోడ్డు మీద నడిచేవాళ్లనూ వెంటాడాయి. రష్యా బలగాల ఈ దాడులు మానవాళిపై నేరాల కిందకే వస్తాయని ఐరాస దర్యాప్తు కమిషన్ 2025 మేలో తేల్చింది.

డ్రోన్ మనది.. మరి విడిభాగాలు?

2020లో 44 రోజుల నాగోర్నో-కరాబఖ్ యుద్ధంలో టర్కీ తయారీ బేరక్తర్ టీబీ2 డ్రోన్లు అజర్‌బైజాన్‌ను గెలుపు బాట పట్టించాయి. వెంటనే కెనడా ఏం చేసింది? ఆ డ్రోన్లలో వాడే తమ కెమెరా వ్యవస్థల ఎగుమతిని మొదట నిలిపేసి, 2021 ఏప్రిల్‌లో అనుమతులనే రద్దు చేసింది. ఒక్క విడిభాగం చేతిలో ఉంటే చాలు, ఎక్కడో జరిగే యుద్ధంలో మాట చెల్లుతుంది. 2023 సెప్టెంబర్ నుంచి కొన్ని రకాల డ్రోన్లు, పరికరాల ఎగుమతిపై చైనా ఆంక్షలు పెట్టడం వెనుకా ఇదే బలం ఉంది.

భారత్‌కూ ఈ సెగ తగిలింది. మే 8 రాత్రి వచ్చిన డ్రోన్లలో టర్కీ తయారీవి ఉన్నట్టు ప్రాథమికంగా తేలిందని మన సైన్యం చెప్పింది. వారం తిరక్కుండానే, మన విమానాశ్రయాల్లో పనిచేస్తున్న టర్కీ సంస్థ సెలెబీకి భద్రతా అనుమతిని కేంద్రం రద్దు చేసింది. దిగుమతి చేసుకున్న టెక్నాలజీపై ఆధారపడితే యుద్ధ సన్నద్ధత దెబ్బతింటుందని త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ 2025 జులైలో హెచ్చరించారు.

ఈ కథలో తెలుగు రాష్ట్రాలు ప్రేక్షకులు మాత్రమే కావు. ఆపరేషన్ సిందూర్ సమయంలో వాడిన ఆకాశ్ మిస్సైళ్లను తయారు చేసేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్. డ్రోన్లను కాల్చి కూల్చే 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని డీఆర్‌డీఓ 2025 ఏప్రిల్ 13న పరీక్షించింది కర్నూలు రేంజ్‌లోనే. దాన్ని అభివృద్ధి చేసింది హైదరాబాద్‌లోని ల్యాబ్. జులైలో డ్రోన్ నుంచి ప్రయోగించే మిస్సైల్ పరీక్ష కూడా కర్నూలులోనే జరిగింది. ఖరీదైన మిస్సైల్ బదులు లేజర్‌తో పని జరిగితే పైన చెప్పుకున్న డబ్బు లెక్క తిరగబడుతుంది.

రేపు ట్రిగ్గర్ ఎవరి చేతిలో?

టార్గెట్‌ను మెషీనే వెతికి, మెషీనే కొట్టే రోజులు దగ్గరపడ్డాయి. జామింగ్‌తో సిగ్నల్ తెగిపోతున్న కొద్దీ, ఆపరేటర్ లేకుండానే పని పూర్తి చేసే డ్రోన్ల కోసం పోటీ పెరుగుతోంది. ఇలాంటి ఆయుధాలకు చట్టబద్ధమైన హద్దులు 2026 నాటికి ఖరారు కావాలని ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్ కోరారు. 2023 డిసెంబర్‌లో దీనిపై ఐరాస సర్వసభ్య సభలో వచ్చిన తీర్మానానికి 152 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించిన నాలుగు దేశాల్లో రష్యాతో పాటు భారత్ కూడా ఉంది. పక్కన చైనా, పాకిస్తాన్ ఉండగా చేతులు ముందే కట్టేసుకోలేం అన్న ఆలోచనను అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ నిర్ణయంపై దేశంలో చర్చ ఎంత జరిగింది?

మన రాజ్యాంగంలో సైనిక చర్యకు ముందు పార్లమెంట్ అనుమతి తప్పనిసరి అన్న నిబంధన లేదు. ఆపరేషన్ సిందూర్ మే 7న మొదలైంది, మర్నాడు అఖిలపక్ష భేటీ జరిగింది. లోక్‌సభలో పూర్తిస్థాయి చర్చ మాత్రం జులై 28న గానీ మొదలు కాలేదు. యుద్ధ సమయంలో రహస్యం అవసరమే, అందులో రెండో మాట లేదు. అయితే ఇకపై సరిహద్దు దాటేది ఏడాదికోసారి యుద్ధ విమానం కాదు. వారం వారం వచ్చిపోయే చిన్న డ్రోన్ కావచ్చు. ఏ డ్రోన్‌కు ఎలాంటి జవాబివ్వాలి, ఏది చొరబాటు, ఏది యుద్ధం అన్న గీతలు ముందే గీసుకుని, చట్టసభకు చెప్పి ఉంచకపోతే, ఆ గీతను అర్ధరాత్రి కంట్రోల్ రూమ్‌లో ఎవరో ఒకరు నిమిషాల్లో గీయాల్సి వస్తుంది. అది తప్పయితే బిల్లు కట్టేది మాత్రం దేశమంతా.